యంత్రసహాయమును పనివాని యవధానమును

(సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



ఈ వేదికమీఁద నిలిచిన బడిపంతులు నీతిశతకమును గుఱించియో, భాషాభివృద్ధిని గుఱించియో ప్రసంగించునని తమరు తలఁచియుందురు. ముప్పదినాలుగేండ్లు పిల్లలచేత శబ్దమంజరి వల్లెవేయించినవారము గాన మాకును అదియే సులువైన దారి. కాని కార్యదర్శిగారి యాహ్వానము అందిన నాఁటికి మేము హైదరాబాదునందు మా పెద్దకుమారుని యింట నుంటిమి. అక్కడ రెండుమాసములు మేము కన్నదియు విన్నదియు మా మనస్సును పట్టి విడువకున్నది. అందుచేత దానినే మీయెదుటఁ బెట్టఁదలఁచితిమి.

సాఫ్ట్‌వేరు పనిచేయువాని ఏకాగ్రతను, పనియలవాట్లను కృత్రిమమేధ యనెడు నూతన సహాయకుఁడు ఏవిధముగా మార్చుచున్నాఁడను నదియే మా విషయము. ఆ విద్య మాకు రాదు. మా కుమారుఁడును కోడలును ఆ వృత్తియందే యున్నారు. వారిని ప్రశ్నించియు, వారి వెనుక కుర్చీ వేసికొని కూర్చుండి చూచియు తెలిసికొన్నంతయే మా జ్ఞానము. ఐనను మన వసతిగృహమునఁ జదువుకొన్న పిల్లలలోఁ బెక్కండ్రు నేఁడు చేరుచున్నది ఆ యుద్యోగముననే. తమరిచ్చు విద్యార్థివేతనములు ఖర్చగుచున్నదియు ఆ చదువునకే. కావున ఇది మన యింటిమాటయే.

మఱియొక చుట్టఱికము కూడఁ గలదు. ఫ్రాన్సుదేశమున జకార్డ్ అనునాతఁడు 1804వ సంవత్సరమున, బెజ్జములు పొడిచిన అట్టల వరుసచేత పువ్వును లతను నేయు మగ్గమును సిద్ధపఱచెను. మనవారి మగ్గములపై నేఁటికిని ఆడుచున్న జకార్డుపెట్టె యాతని పేరిటిదే. ఆ యట్టలను జూచియే ఇంగ్లండునందు చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకును అట్టలనే యుపయోగింపఁ దలపెట్టెను. ఆ యంత్రమును గుఱించి 1843లో వివరణము వ్రాసిన ఏడా లవ్‌లేస్ అను విదుషీమణి, యంత్రము చేయు బీజగణితపు పనిని జకార్డు మగ్గపు నేతపనితోఁ బోల్చినది. మన పిల్లలు వ్రాయుచున్న ప్రోగ్రాములకు ఆ యట్టలే ముత్తవ్వలు. తండ్రిగారు గుంటమగ్గముమీఁదఁ గూర్చుండిరి. కుమారుఁడు కంప్యూటరుముందు కూర్చున్నాఁడు. నడుమ మేమొక్కరమే సుద్దముక్కతో మిగిలితిమి.

సంస్కృతము చదివినవారికిని ఇందు వాటా లేకపోలేదు. సుమారు నాలుగువేల సూత్రములలో భాషనంతటిని బంధించిన పాణిని పద్ధతికిని, కంప్యూటరుభాషల వ్యాకరణమును వ్రాయుటకు బాకస్, నౌర్ అనువారు 1960 ప్రాంతమున ఏర్పఱచిన పద్ధతికిని గల పోలికను జూచి, 1967లో ఇంగర్మన్ అనునాతఁడు దానికి పాణిని–బాకస్ రూపమని పేరిడఁదగునని యొక లేఖ వ్రాసెను. ఆ పేరు నిలువలేదు. ఐనను మా కుమారుఁడు ఈ సంగతి చెప్పిన రాత్రి మేము ఒక ముద్ద యెక్కువయే తింటిమి. ఇది యప్రస్తుతము. విషయమునకు వత్తము.

మా కుమారుఁడు ఈ యుద్యోగమునఁ జేరి పదుమూఁడేండ్లాయెను. తొలినాళ్లలో వాని యద్దెగదికి మేము పోయినపుడు వాని పని మాకు వింతగా నుండెడిది. గంటల తరబడి తెఱవంకఁ జూచుచు ఊరకుండును. కాగితముమీఁద గీఁతలు గీయును, చింపివేయును. పిలిచినఁ బలుకఁడు. "ఏమిరా, గోడఁ జూచుటకా నీకు జీతమిచ్చుచున్నారు?" అని మేము పరిహసించితిమి. "నాన్నా, వ్రాయుట పావుగంట పని. ఏమి వ్రాయవలయునో తేల్చుకొనుటకే దినమంతయుఁ బట్టును" అని వాఁడు చెప్పెను. పెద్ద ప్రోగ్రాములోని ముప్పది నలువది సంగతులను ఒక్కమాఱుగా మనస్సున నిలుపుకొనవలయునఁట. అంతలో నెవరైన వచ్చి భుజము తట్టినచో ఆ కట్టడమంతయుఁ గూలిపోవునఁట. ఇది మాకు వెంటనే బోధపడినది. పడుగులోని వేయిపోఁగులును బిగువుగా నిలిచినపుడే గదా పేక నడచును!

ఇప్పుడు ఆ గది వైఖరియే మాఱినది.

మార్పు ఒక్కనాఁడు వచ్చినది కాదు. 2021 జూనుమాసమున గిట్‌హబ్ సంస్థవారు కోపైలట్ అను దానిని కొందఱికిఁ బరీక్షార్థమిచ్చి, మఱుసటియేఁడు జూనులో అందఱికిని విక్రయమునకుఁ బెట్టిరి. పనివాఁడు ఒక పంక్తి మొదలిడఁగానే తరువాయి భాగము బూడిదవన్నె యక్షరములతోఁ దానంతటఁదానే తెఱమీఁదఁ బొడసూపును. ఒక మీట నొక్కిన నిలుచును. నొక్కక వ్రాసికొనిపోయిన మాయమగును. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, ప్రశ్న యడిగి కోడును సమాధానముగాఁ బొందుట వాడుకలోనికి వచ్చెను. అటుపై 2025లో ఏజెంట్లు వ్యాపించెను. క్లాడ్ కోడ్, కర్సర్ మొదలగువానితో "ఈ లోపమును సవరింపుము" అని మాటలలోఁ జెప్పినఁ జాలును. అవియే ఫైళ్లు తెఱచి చదివి, మార్చి, పరీక్షలు నడిపి, తప్పినచో మరల మార్చి, పని ముగిసినదని విన్నవించును.

ఆ బూడిదయక్షరములను మేము మొదటిమాఱు చూచినపుడు మాకు బడి జ్ఞాపకము వచ్చినది. పిల్లవాఁడు పద్యము నప్పగించుచుండఁగా ప్రక్కవాఁడు తఱువాతి పాదమును అందిచ్చుచుండును. అందిచ్చినది తప్పు కావచ్చును, ఒప్పు కావచ్చును. ఎట్లయినను అప్పగించువాఁడు జ్ఞప్తికిఁ దెచ్చుకొను యత్నము అక్కడితో ఆగిపోవును. నాలుగుమాఱులు అందిచ్చిన పిమ్మట వాఁడు అయిదవమాఱు తడవకముందే ప్రక్కకుఁ జూచును. మా కుమారుఁడు ఇదే సంగతిని వేఱుమాటలతోఁ జెప్పెను. ఆ యక్షరములు తోఁచుటకుఁ బట్టు క్షణకాలము తన చేయి తానే యాగుచున్నదఁట. అందేమి వ్రాయవలయునో తనకుఁ దెలిసియున్నను ఆగుచున్నదఁట.

ఏజెంట్ల సంగతి ఇంతకంటె విచిత్రము. ఒక పని నప్పగించిన పిమ్మట అది మూఁడు నిమిషములకో, పది నిమిషములకో తిరిగివచ్చును. ఆ నడిమికాలము పరాకునకే పుట్టినది. వేఱొక పని మొదలిడుటకుఁ జాలదు, ఊరకుండుటకు ఎక్కువ. అపుడు చేయి ఫోనుమీఁదికిఁ బోవును. మేము ఒక ప్రొద్దు లెక్కపెట్టితిమి. పది గంటలనుండి పండ్రెండు గంటలలోపల మా కుమారుఁడు పదునేడు పర్యాయములు ఫోను చేతికిఁ దీసికొనెను. ఈ లెక్క చూపఁగా వాఁడు నవ్వి, నొచ్చుకొని, మఱునాఁటినుండి ఆ యెడమును వృథాచేయరాదని ఒక యుపాయము పన్నెను. ఒక ఏజెంటు పనిచేయుచుండఁగా రెండవదానికి రెండవపని యప్పగించుట, దాని వెంట మూఁడవది, నాలుగవది. తెఱమీఁద నాలుగు కిటికీలు. నాలుగింటను నలుగురు లేఖకులు. ఇతఁడు ఒకదానినుండి యొకదానికిఁ దిరుగుచు "సరి", "కాదు", "ఇట్లు చేయుము" అని సెలవిచ్చుచుండును.

చూడఁగా అది అష్టావధానమువలెనే యుండును. మన దేశమున అవధానవిద్యను తిరుపతి వేంకటకవులు ఊరూరను వెలయించిరి. మన పెద్దలలోఁ గొందఱు తరువాతి యవధానులనైనను కన్నులారఁ జూచియుందురు. ఒక పృచ్ఛకుఁడు నిషిద్ధాక్షరి నడిపించును, ఒకఁడు సమస్య నిచ్చును, ఒకఁడు దత్తపది నిచ్చును, ఒకఁడు గంట కొట్టుచుండును. అన్నిటి నడుమ అప్రస్తుతప్రసంగి వచ్చి వంకాయకూరను గుఱించి యడుగును. అవధాని అందఱికిని బదులు చెప్పును. కాని అవధానమునకుఁ బ్రాణము అదికాదు. అన్ని యావృత్తులును ముగిసిన పిమ్మట, కాగితము లేక, పూరించిన పద్యములనన్నిటిని తుదిదాఁక అప్పగించును. దానికే ధారణ యని పేరు. ధారణ లేనివానిని ఎవరును అవధాని యనరు.

ఒక సాయంకాలము మేము మా కుమారుని ధారణ యడిగితిమి. పరిహాసమునకే యడిగితిమి. "నాయనా, నేఁడు నాలుగు కిటికీలలోను జరిగినదేమి? మూఁడవదానిలో ఏమి మార్చితివి? ఏల మార్చితివి?" రెండింటిని చెప్పెను. మూఁడవదానియొద్ద తడఁబడెను. నాలుగవదానిని తెఱచి చూచుకొని చెప్పవలసివచ్చెను. మేము నవ్వితిమి, వాఁడు నవ్వలేదు. ఆ రాత్రి చాలసేపు మేడమీఁద పచారు చేసెను.

అట్లు పచారుచేయుటకుఁ గారణమును మఱి నాలుగుదినములకు చెప్పెను. అంతకు మూఁడువారములకు ముందు, ఒక యర్ధరాత్రమున వాని కార్యాలయపు వ్యవస్థలో ఒకచోట లెక్క తప్పి, కొనుగోలుదారులకు ఒకే రుసుము రెండుమాఱులు పడుచుండెనఁట. ఎవరు వ్రాసిన భాగమని చూడఁగా దానిపై వీని పేరే యుండెను. వ్రాసినది ఏజెంటు, చదివి సమ్మతించినది వీఁడు. "నాన్నా, నా పేరిట నున్న కోడును నేను మొదటిమాఱు చూచుచున్నట్లే చదివితిని. అపరిచితుని యుత్తరమువలె నుండెను" అని చెప్పెను. సవరించుటకు నాలుగు గంటలు పట్టినది. తానే వ్రాసినదైనచో అరగంట పట్టియుండునని వాని యంచనా. పైవా రేమియు ననలేదు. వాని బాధ వారు కోపించుదురని కాదు.

నౌర్ పేరు ఇంతకుముందే వచ్చినది గదా. డెన్మార్కుదేశస్థుఁడైన ఆ పండితుఁడే 1985లో ఒక వ్యాసము వ్రాసి, ప్రోగ్రామనఁగా తెఱమీఁది యక్షరములు కావనియు, దానిని కట్టినవారి బుద్ధిలోనున్న యవగాహనమే నిజమైన ప్రోగ్రామనియు, ఆ యవగాహనము గలవారు చెదరిపోయినచో అక్షరములు మిగిలినను ప్రోగ్రాము మరణించినట్లేయనియు వాదించెను. మాకిది క్రొత్తగాఁ దోఁపలేదు. గ్రంథము వేఱు, గ్రంథార్థము వేఱని మన గురువులు మొదటిదినముననే చెప్పిరి. తాటియాకుల కట్ట యింటనున్నంత మాత్రమున ఇంటివాఁడు పండితుఁడగునా?

తాటియాకు ప్రసక్తి వచ్చినది గాన మా యెఱిఁగిన వృత్తిని గుఱించి యొకమాట. ప్రాచీనగ్రంథములను ప్రతులువ్రాసిన లేఖకులలో రెండు తెగలవారుందురు. సంస్కృత మేమాత్రమును రానివాఁడు కన్నుకుఁ గనఁబడినదానిని గీఁచును. వాని తప్పు కొట్టవచ్చినట్లు కనఁబడును, పరిష్కర్త సులువుగా దిద్దును. భాష కొంత వచ్చి, చేయి వేగముగా నడుచువాఁడు అంతకంటె ప్రమాదకారి. కఠినమైన పాఠము తనకు బోధపడనిచో దానిని తీసివేసి, చక్కగా నొప్పు సులభమైన పదమును బెట్టును. వాక్యము సాఫీగా సాగిపోవును. ఛందస్సు కూడ సరిపోవును. కవి హృదయము మాత్రము పోవును. ఆ తప్పును పట్టుటకు పరిష్కర్త మూలమును క్షుణ్ణముగా నెఱిఁగియుండవలెను. ఈ యంత్రలేఖకుఁడు రెండవతెగవాఁడు. వాని తప్పు తప్పువలె నుండదు. లేని ఫైళ్లపేరులను, లేని గ్రంథాలయముల పేరులను సైతము ఉన్నవానివలెనే పలుకును. ఆ లేని పేరులను దుర్మార్గులు ముందుగాఁ గనిపెట్టి, ఆ పేరులతోనే విషపు కోడును సిద్ధపఱచి యుంచు మోసమొకటి కూడ పుట్టినదని మా కోడలు చెప్పినది.

కాఁబట్టి పనివాని పని యిప్పుడు రచన కాదు, పరిష్కరణము. పరీక్షకాలమున అఱువది సమాధానపత్రములను దిద్దిన యుపాధ్యాయుఁ డెవఁడైన ఈ సభలో నున్నచో మా మాటకు సాక్ష్యమిచ్చును: ఇరువది పత్రములవఱకు కన్ను నిలుచును. నలువదియవదానియొద్ద, దస్తూరి చక్కగానున్న పిల్లవానికి తెలియకయే రెండుమార్కు లెక్కువ పడును. యంత్రము దస్తూరి యెల్లపుడును చక్కగానే యుండును.

ఇంతకును పని వేగమగుచున్నదా? ఈ ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. 2023లో వెలువడిన ఒక పరీక్షలో 95 మంది ప్రోగ్రామర్లకు ఒకే చిన్నపని నియ్యఁగా, కోపైలట్ సహాయము గలవారు 55.8 శాతము త్వరగా ముగించిరి. ఆ పరీక్షను నడపినవారిలో ఆ సరకును అమ్మువారును ఉండిరని గుర్తుంచుకొందము. 2025 జూలైలో మీటర్ అను పరిశోధనసంస్థ వేఱొక పరీక్షను ప్రకటించినది. 16 మంది యనుభవశాలులు, ఏండ్లతరబడి తాము పెంచి పోషించుకొన్న ప్రోగ్రాములలోనే 246 పనులను చేసిరి. కొన్నిటికి కృత్రిమమేధను వాడవచ్చును, కొన్నిటికిఁ గూడదు. వాడినచోట 19 శాతము ఎక్కువకాలము పట్టినది. వింత యదికాదు. పని మొదలిడకముందు వారు 24 శాతము త్వరపడుదుమని యెంచిరి. పని ముగిసిన పిదపఁ గూడ తాము 20 శాతము త్వరపడితిమనియే నమ్మిరి! అవి 2025 తొలినాళ్ల సాధనములు; తరువాత సాధనములు మాఱినవి గాన ఆ 19ని శాసనముగాఁ గొనరాదు. కాని తన కాలము తనకుఁ దెలియకపోవుట యనునది సాధనమునందలి గుణము కాదు, మనిషియందలిది. ప్రయాస తగ్గినపుడు కాలమును తగ్గినట్లే తోఁచును. పరులయూర క్రొత్తగుడిసె వేయుటకును, తన పాతయింటి దూలమును మార్చుటకును ఉన్నంత భేదము ఈ రెండు పరీక్షలకును గలదని మా కుమారుని వ్యాఖ్యానము. అది మాకును నచ్చినది.

ఇంతవఱకు విన్నవారు ఈ పంతులు యంత్రద్వేషి యని తలఁపఁగలరు. కాదు. నల్లగొండసీమలో ఆసు పోయు తల్లుల భుజములు ఎంత అరిగినవో మన యిండ్లలోని స్త్రీల నడిగినఁ దెలియును. చీరకొక్కంటికి వేలకొలఁది పర్యాయములు చేయి అటునిటు ఆడవలెను. తన తల్లి పడిన ఆ బాధను జూచి, చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రమును నిర్మించి దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. ఆ యంత్రము భుజము నొప్పిని తీసికొన్నది. చిటికి కట్టి రంగు వేయువాని బుద్ధిని తీసికొనలేదు. మా కోడలి విషయమునఁ గృత్రిమమేధ చేసిన మేలు ఆ కోవలోనిదే. ప్రసవానంతరము ఏఁడాదిన్నర యింటనుండి మరల పనిలోఁ జేరినపుడు, ఆమె లేనికాలమున ఇతరులు వ్రాసిన కోడునంతటిని ఆ సహాయకుఁడు ఓపికతో వివరించి చెప్పెను. అడిగినదే పదిమాఱు లడిగినను విసుగుకొనలేదు. పరీక్షలు వ్రాయుట, పాతభాషనుండి క్రొత్తభాషకు మార్చుట యను చాకిరి యంతయు దానికే వదలి, ఆమె పొద్దువాలకముందే యింటికి వచ్చుచున్నది. మనుమరాలిని ఒడిలోఁ గూర్చుండఁబెట్టుకొని కథ చెప్పుచున్నది. దీనిని మేమెట్లు కాదనఁగలము?

తెలుగుబడిలోఁ జదివిన మన పిల్లలకుఁ గల మేలు వేఱొకటి. ఇంగ్లీషులో ప్రశ్న యడుగుటకు సిగ్గుపడి, తెలియకయే తల యూఁచి, ఆ తెలియనితనమునే లోన దాచుకొని యేండ్లు గడపిన పిల్లలను మే మెఱుఁగుదుము. ఇపుడు తెలుగుననే యడిగి తెలుగుననే వినుచున్నారు. పరిహసించువా రెవరును లేరు. ఐతే దీనికే రెండవ ప్రక్క గలదు. మా కుమారుఁడు క్రొత్తలోఁ జేరినపుడు ప్రక్కబల్లయొద్దనున్న యొక తమిళ సోదరుని రోజుకు పదిమాఱులు విసిగించెడివాఁడు. వారిరువురును నేఁటికిని పండుగలకు రాకపోకలు గలవారు. ఇపుడు వాని క్రింద చేరిన పిల్లలు వానిని ఏమియు నడుగరు. "నాకు పని తగ్గినది నాన్నా, కాని వారి పేరులు నాకు నోటికి రావు" అని యనెను.

ఈ యుపన్యాసమును గుఱించియే యొక చిన్నకథ చెప్పక తప్పదు. మేము పేరుల పట్టికతోను, కలముతోను కుస్తీ పట్టుచుండఁగా మా కుమారుఁడు జాలిపడి, సంగతి చెప్పి యా సహాయకునిచేత ఒక ప్రసంగము వ్రాయించి యిచ్చెను. భాష గ్రాంథికమే. సంబోధనలును కరతాళధ్వనుల స్థలములును అన్నియు అమరినవి. నడుమ భర్తృహరిదని చెప్పి ఒక శ్లోకము. చదివి, "ఆహా" యని మే మంటిమి. మఱచిపోయితిమి గాఁబోలునని లజ్జపడితిమి కూడను. రాత్రి నిద్రపట్టక లేచి శతకత్రయమును మొదటినుండి తిరగవేసితిమి. ఆ శ్లోకము నీతిలో లేదు, శృంగారములో లేదు, వైరాగ్యములో లేదు. మూఁడవపాదమున ఒక గణము కూడఁ దప్పినది. ముప్పదినాలుగేండ్లు భర్తృహరిని పాఠము చెప్పినవారము, దానిని జూచి "ఆహా" యంటిమి! మా కుమారుని యర్ధరాత్రి కథకు మేము నవ్వలేకపోవుటకు ఇది కారణము.

ఇఁక, ఈ విషయమును ఇక్కడకుఁ దేవలసిన యసలు కారణము. చెప్పుట కష్టముగా నున్నది.

క్రిందటి మహాసభయందు ఈ వేదికమీఁదనే మన వసతిగృహపు విద్యార్థిని నొకతెను మేము నిలుచుండఁబెట్టి పొగడితిమి. ఆమె పేరు ఇప్పుడు వలదు. చేనేత సంఘములకు నూలు లెక్కలు కట్టునట్టి యొక పెద్ద ప్రోగ్రామును ఆమె యొక్కతెయే మూఁడువారములలో సిద్ధపఱచినదని చెప్పితిమి. శాలువ కప్పితిమి. దాతలొకరు చివరి సంవత్సరపు రుసుమునంతటిని తామే భరింతుమని లేచి నిలుచుండిరి. తరువాత ఆమెకు హైదరాబాదున ఒక కంపెనీనుండి పిలుపు వచ్చినది. అక్కడ ఆమెకు కంప్యూటరు నియ్యలేదు. తెల్లకాగితము, పెన్సిలు ఇచ్చి, అంకెల వరుసలో రెండుమాఱులు వచ్చిన దానిని కనుగొనుట కొక చిన్న ప్రోగ్రాము వ్రాయుమనిరి. రెండవయేఁటి పిల్లలు చేయు లెక్క. ఆమె నలువది నిమిషములు కూర్చుండి కాగితమును అట్లే యిచ్చివచ్చినది.

మాకు ఫోను చేసి యేడ్చినది. "మాస్టారూ, నేను మోసము చేయలేదు. ఆ ప్రోగ్రాము నిజముగా నడుచుచున్నది. నేనే చేసితిననుకొంటిని" అని యన్నది. ఆమె యబద్ధమాడలేదు. చేయించినదానికిని చేసినదానికిని నడుమ గీఁత ఎక్కడనున్నదో ఆమెకు ఎవరును చూపలేదు. మేము చూపలేదు. శాలువ మాత్రము కప్పితిమి.

మన యిండ్లలో పిల్లలకు మగ్గము నేర్పిన క్రమమును తలఁచుకొనుఁడు. ఆఱేండ్ల వయస్సున కండెలు చుట్టుట. తరువాత తెగిన పోఁగును ముడివేయుట. మఱి కొన్నేండ్లకు తండ్రి భోజనమునకు లేచినపుడు అంగుళమో రెండంగుళములో నేయుట. కండెలు చుట్టుట హీనమైన పనియే. యంత్రము క్షణములో చుట్టును. కాని నూలు బలమెంతయో, ఎక్కడ తెగునో వ్రేళ్లకుఁ దెలిసినది అక్కడనే. సాఫ్ట్‌వేరులో కండెలు చుట్టునట్టి చిన్నపనులన్నియు ఇపుడు సహాయకుని పాలఁబడినవి. పెద్దపనిని చూచి "ఇక్కడ తెగును" అని చెప్పఁగలవాఁడు కావలెనని కంపెనీలు కోరుచున్నవి. ఆ వ్రేళ్లు ఎక్కడ తయారగునో వారును ఎఱుఁగరు. లిసాన్ బేన్‌బ్రిడ్జి యను ఆంగ్లేయ మనశ్శాస్త్రవేత్త 1983లోనే దీనిని గుఱించి వ్రాసినది: యంత్రము సులువైన పనిని తాను తీసికొని కఠినమైనదానిని మనిషికి విడుచును, ఆ కఠినమైన పనికిఁ గావలసిన యభ్యాసమును మాత్రము మనిషినుండి తీసివేయును. ఆమె వ్రాసినది కర్మాగారములను గుఱించి.

మా కుమారుఁ డిపుడు కొన్ని కట్టుబాట్లు చేసికొనెను. ఉదయము తొమ్మిదినుండి పదునొకండువఱకు సహాయకునిఁ బిలువఁడు. కాగితము మరల బల్లమీఁదికి వచ్చినది. ఒక్కమాఱు రెండు కిటికీలకు మించి తెఱవఁడు. తాను నోటితో వివరింపలేని దానికి సమ్మతి యియ్యఁడు. వాని పైయధికారికి ఇది కొంత మందకొడితనముగాఁ దోఁచుచున్నదనియు వినుచున్నాము. ప్రక్కవాఁడు నాలుగు కిటికీలతో దౌడుతీయుచుండఁగా ఈ నియమమును ఎంతకాలము నిలుపుకొనఁగలఁడో మేము చెప్పలేము.

వసతిగృహమున మేము తలపెట్టినది దీనికంటె సులువు. పిల్లలనుండి సహాయకుని లాగికొనుట మా యుద్దేశము కాదు. లాగికొన్నను వారు విడువరు. ప్రతిదినమును ఉదయము ఆఱుగంటలకు ఒక గంటసేపు, క్రిందియంతస్తులోని పెద్దగదిలో, కంప్యూటరులు లేకుండ, సుద్దముక్కతో ప్రోగ్రాము వ్రాయుట. ఒకరు వ్రాయుదురు, తక్కినవారు "ఏల?" అని యడుగుదురు. సాయంకాలము సహాయకునిచేత వ్రాయించుకొన్న దానిని కూడ మఱునాఁడు అక్కడనే ధారణపట్టి చెప్పవలెను. నెలదినములనుండి జరుగుచున్నది. మొదట ఏడుగురు వచ్చిరి. ఇపుడు పందొమ్మండ్రు వచ్చుచున్నారు. ముందువరుసలోఁ గూర్చుండి మొదటి "ఏల?" అడుగునది ఆ పిల్లయే. కంపెనీలో కాగితము నట్లే యిచ్చివచ్చిన లెక్కను పోయినవారము ఆమె మూఁడువిధములుగా బల్లమీఁదఁ జేసిచూపినది. మూఁడింటిలో ఏది త్వరగా నడుచునో మాకుఁ దెలియలేదు గాని పిల్లలకుఁ దెలిసినది. ఆమెకు ఉద్యోగ మింకను రాలేదు. చివరి సంవత్సరపు రుసుము కట్టెదమన్న దాతగారు, ఈ సంగతియంతయు విని, తమ మాటను తప్పలేదని ఈ సభయందుఁ జెప్పుటకు వారి యనుజ్ఞ మాకున్నది.

ఆ గదికి తూర్పుగోడన ఒక్క నల్లబల్ల గలదు. అదియు మా బడినుండి మేము వచ్చునపుడు అడిగి తెచ్చుకొన్నది. ఒక మూల పగిలినది. పడమటిగోడ వెడల్పు పదునాలుగడుగులు, ఖాళీగా నున్నది. పందొమ్మండ్రకు ఒక్క బల్ల చాలుటలేదని కార్యదర్శిగారికి మనవి వ్రాసియిచ్చితిమి. వారు ఈ సభలో దాతల యెదుటనే చెప్పుమనిరి గాన చెప్పితిమి.